పోచమ్మ పుంజు

పోయిన నెల షుగరు డాక్టరు నా కాళ్లు పరీక్ష చేస్తూ ఎడమ పిక్క మీద ఒక మచ్చ దగ్గర వేలు ఆపాడు. చిన్న వయసువాడు. "ఇదేంది తాతా, కుక్క గిట్ల కరిసిందా?" అని అడిగాడు. కోడి పొడిచిందని చెప్పాను. నవ్వాడు. కోడి పొడిస్తే ఇన్నేళ్లు మచ్చ ఉంటదా అన్నాడు. ఉంటుంది. పుంజు ముక్కుతో పొడిచింది మానిపోతుంది గాని, ఎగిరి కాలి వెనక ముల్లుతో కొట్టింది లోపలిదాకా దిగుతుంది. ఇదంతా అతనికి చెప్పలేదు. ఇంటికి వచ్చాక మాత్రం ఆ పుంజు కంటే ఎక్కువగా ఆ ఇంటామె గుర్తుకు వచ్చింది. రెండు మూడు రోజులు మరో పని మీద మనసు నిలవలేదు.

నాకు చదువుకునే రోజుల నుంచి డైరీ రాసే అలవాటు. ఆమె ఇంట్లో ఉన్నన్నాళ్లూ రాసిన డైరీల్లో ఆమెను "ఇంటామె" అనే రాసుకున్నాను. పేరు ఎక్కడా లేదు. వాడకట్టులో కూడా ఎవరూ పేరు పెట్టి పిలవగా వినలేదు. పుంజామె అనేవారు, ఆ ఇంటిని పుంజిల్లు అనేవారు. నేనూ అడగలేదు.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలో నాకు లక్సెట్టిపేట తాలూకా కచేరీలో గుమాస్తా ఉద్యోగం దొరికింది. మాది జగిత్యాల పక్క. గోదావరి దాటి ఉద్యోగానికి పోవడమంటే మా అవ్వకు దేశాంతరం పోయినట్టే. నేతవాళ్ల వాడకట్టులో ముందర గది ఒకటి ఖాళీగా ఉందంటే ట్రంకుపెట్టె పట్టుకుని పోయాను. వాకిలి తడక తీసి లోపల కాలు పెట్టాను. ఎర్రటి పుంజు, నల్ల తోక. కూయలేదు, రెక్కలు కొట్టలేదు, చప్పుడు లేకుండా వచ్చి కొట్టింది. పెట్టె వదిలేసి, తడకకు ఆనించి ఉన్న కట్టె అందుకున్నాను.

లోపలి నుంచి ఆమె ఉరికి వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయేమో, పలచటి మనిషి. మోచేతుల దాకా నూలుపోగులు అంటుకుని ఉన్నాయి. వచ్చి నా చేతిలో కట్టె పట్టుకుంది.

"కొట్టకుండ్రి సారు, కొట్టకుండ్రి. అది పోచమ్మది."

నా పిక్క నుంచి నెత్తురు కారుతున్నది. ఆమె ముందు పుంజును పట్టి దాని కాలికున్న పసుపు దారం తెగలేదు కదా అని చూసింది. ఆ తర్వాత నా కాలు చూసింది. అదే పసుపు తెచ్చి గాయానికి అద్దుతూ, "జర మండుతది, ఓర్సుకోవాలె" అన్నది. ఆమె నోట ఎక్కువగా విన్న మాట అదే. పొయ్యిలో కట్టె తడిసినా, కూలికి చుట్టే నూలు చిక్కుపడినా, ఎవరన్నా పుంజు మీద తగవుకు వచ్చినా, ఓర్సుకోవాలె.

ఆమె భర్త బొంబాయి దగ్గర భీవండికి పోయాడు. ఆ రోజుల్లో మా దిక్కు మగ్గాలు సాగక చాలామంది అక్కడి కరెంటు మగ్గాల మీద పనికి పోయేవారు. మొదట్లో కార్డులు వచ్చేవట. తర్వాత ఆగిపోయాయి. అతనితో పోయినవాళ్లలో తిరిగి వచ్చిన ఒకతను, మిల్లు మారాడని అన్నాడు, ఏ మిల్లో చెప్పలేకపోయాడు. అప్పుడు ఆమె పోచమ్మ ముందు నిలబడి మొక్కింది. ఏమని మొక్కిందో వాడకట్టంతా ఎరుగుదురు, అందరికీ ఆమే చెప్పుకుంది. "తల్లీ, ఆయిన వచ్చి నా గడప తొక్కితే నీకు పుంజును కోస్త." ఇంటికి వచ్చి కోడిపిల్లల్లో ఒకదాన్ని ఏరి దాని కాలికి పసుపు దారం కట్టింది. అతను రాలేదు. కోడిపిల్ల పెరిగి పుంజయింది. దారం పాతబడినప్పుడల్లా కొత్త నూలు పసుపులో ముంచి ఆరబెట్టి మళ్లీ కట్టేది.

మొక్కిన కోడిని అమ్మకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు, దాని బదులు మరొకటి చూపకూడదు, చెయ్యెత్తి కొట్టకూడదు. ఆ సంగతి పుంజుకు కూడా తెలుసని నా నమ్మకం. వాడకట్టులో ఆ ఇంటికి ఎవరు వచ్చినా తడక అవతలే ఆగి "పుంజును పట్టుండ్రి" అని కేకవేసేవారు. ఆమె చేట ఒకటి అడ్డం పెట్టుకుని వచ్చి దాన్ని ఒక మూలకు నెట్టి ఉంచేది. వచ్చినవాళ్లు లోపలికి పోయేవారు. నాకు కూడా నేర్పింది. ఉరకద్దు, వీపు సూపియ్యద్దు, దాని కండ్లల్లకు సూడద్దు, నీ తొవ్వ నువ్వు పోతున్నట్టు పోవాలె. కచేరీకి పోయేటప్పుడు గొడుగు ముడిచి ముందు పట్టుకుని అట్లాగే పోయేవాణ్ని. కచేరీ జవాను ఒకసారి నా కోసం వచ్చి, కేకవేయడం మరిచి, తలపాగా అక్కడే వదిలి గోడ దూకాడు.

దాన్ని దారికి తెచ్చేందుకు ఆమె పడని పాటు లేదు. మిగిలిపోయిన పడుగు పోగులతో కాలి ముల్లులకు గుడ్డలు చుట్టేది. పొద్దుగూకేలోగా అది పీకేసుకునేది. పొద్దువాలే వేళ దాన్ని చంకన పెట్టుకుని, రెక్కలు కదలకుండా అదిమి, తడక నుంచి మగ్గమున్న అర్ర దాకా, అర్ర నుంచి తడక దాకా తిరిగేది. అట్లా తిప్పితే పొగరు తగ్గుతుందని ఎవరో చెప్పారట. చంకలో ఉన్నంతసేపు అది పసిపిల్లలాగా ఉండేది. ఆమె దానితో మెల్లగా మాట్లాడేది. "గా సారును ఎందుకు పొడిసినవు? కిరాయికున్న మనిషి గదా. నువ్వు పొడిస్తే లేసిపోతడు. ఎవ్వలు లేని ఇంట్ల నువ్వూ నేనూ ఏం జేస్తం?" కింద దించగానే అది ఆమె మడమ మీదే ఒకటి వేసి పోయేది.

ఊట్నూరు దిక్కు సంతల్లో కోళ్ల పందేలు ఆడించే ఒకతను దీని సంగతి విని చూడవచ్చాడు. తడక మీది నుంచి చూసి మనసుపడ్డాడు. ఇస్తావా అని అడిగాడు. ఆమె తలుపు చాటు నుంచి, "అది కోడి గాదన్నా, మా ఇంటాయన. మొగన్ని అమ్ముకున్నదాన్ని యాడన్న సూసినవా?" అన్నది. ఆ మాటకు వాడకట్టు ఆడవాళ్లు చాలా రోజులు నవ్వుకున్నారు. ఆమె కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె నవ్వగా చూసిన కొద్ది సందర్భాల్లో అదొకటి.

మగ్గం అర్రలో భర్త కాళ్లు పెట్టుకునే గుంత ఖాళీగా ఉండేది. పెట్టలు అందులో దిగి గుడ్లు పెట్టేవి. ఆమె ఆ గుంత అంచున కూర్చుని రాట్నం మీద ఇతరుల మగ్గాలకు నూలు కండెలు చుట్టేది. ఎవరన్నా నీ పెనిమిటి సంగతేందని అడిగితే, ముందు వాకిట్లో పుంజు ఎక్కడుందో చూసి, ఆ తర్వాత జవాబు చెప్పేది. రాలేదని ఒక్కనాడు అనలేదు. "వస్తుండు" అనేది. నేనున్న మొదటి ఏడాదంతా అతను వస్తూనే ఉన్నాడు.

ఒక ఆదివారం పొద్దు వాలే వేళ అరుగు మీద కూర్చుని ఉన్నాను. రేకుపెట్టె పట్టుకున్న ఒక మనిషి కేకవేయకుండా తడక తీశాడు. కేకవేయలేదు గనుక ఊరివాడు కాడనుకున్నాను. నేను నోరు తెరిచేలోపలే పుంజు అతని మీదికి పోయింది. అతను పెట్టె అడ్డం పెట్టబోయాడు. పెట్టెను ఎత్తి పట్టుకునే బలం ఆ చేతిలో లేదు. అక్కడే కూలబడి దగ్గడం మొదలుపెట్టాడు. పుంజు ఎగిరి ఎగిరి అతని భుజాల మీద కొడుతున్నది. ఆమె చేటతో వచ్చింది. చూసింది. చేట జారిపోయింది. పుంజును రెండు చేతులతో ఎత్తి చంకన పెట్టుకుని అట్లాగే నిలబడింది.

అతను దగ్గు ఆగాక తలెత్తి, "ఎవలదే గిది? మనదేనా?" అని అడిగాడు.

"నీదే" అన్నది. "నీ పేరు మీదిదే. లోపటికి నడువు."

అతను గోడ పట్టుకుని లేచాడు. ఒక చంకలో పుంజు, మరో చేతిలో అతని జబ్బ. అతని పాదం గడప తొక్కేదాకా ఆమె చూపు ఆ పాదం మీదనే ఉంది.

వాడకట్టులో అతని అక్క ఉండేది. పెద్దామె, గట్టి నోరు, తమ్ముడంటే ప్రాణం. ఆ సాయంత్రమే వచ్చి తమ్ముణ్ని పట్టుకుని ఏడ్చి, మొహం కడుక్కుని, మరదలితో "మంగళవారం కోద్దామా?" అన్నది. "ఆయిన జర కుదురుకోనీ వదినె, ఆయిననే పట్టుకొని వస్తడు" అన్నది ఈమె. అందులో తప్పేమీ కనిపించలేదు. మంగళవారాలు గడిచాయి. అతను కుదురుకోలేదు. దవాఖాన డాక్టరు ఊపిరితిత్తులు చెడిపోయాయని, హైదరాబాదు తీసుకుపోవాలని చెప్పాడు. అతను ఒప్పుకోలేదు. "గీడికి వచ్చుడే ఆఖరు రైలు. నన్ను మల్ల రైలెక్కియ్యకు" అన్నాడు.

హాస్యం తెలిసిన మనిషి. మంచంలో పడుకుని పుంజు కూత విని, "భీవండిల వెయ్యి మగ్గాల మోతల నిద్రవోయిన సారు. గీ ఒక్క కోడికి నిద్ర వడ్తలేదు" అనేవాడు. అక్క వచ్చినప్పుడల్లా ఒకటే మాట. "మొక్కింది ఇయ్యరాదే. ఇచ్చి, గా మాంసం వండి ఇంత పులుసు తాగిపిస్తే వానికి సత్తువ వస్తది గదా." ఈమె ప్రతిసారీ ఒక కారణం చెప్పేది. అమావాస్య దగ్గరికి వచ్చిందనేది. ఇంట్ల బాగలేదనేది. వచ్చే వారం అనేది.

నాకు మాత్రం అసలు కారణం చెప్పింది. ఒకనాడు మగ్గం అర్రలో కండెలు చుడుతూ, నేను అడగకుండానే అన్నది.

"కోసినంక ఆ తల్లికి నాతోటి ఏం పని సారు? తీసుకునేది తీసుకుంటది, పోతది. ఇయ్యనన్ని దినాలు ఇంటి సుట్టు తిరుగుతది. ఆయినకు ఏమన్న అయితే పుంజు రాదని ఆమెకు ఎరుకే గదా. గందుకే ఆపిన."

హైదరాబాదు మాట మళ్లీ ఎత్తాను. రాట్నం ఆపి నా వైపు చూసింది.

"ఆ డాక్టర్లు మంచోళ్లే కావచ్చు. గని వాండ్లకు నేను ఇయ్యాల్సింది ఏం లేదు. నేను ఎవ్వలని సూస్తరు నన్ను?"

ఆమె మళ్లీ రాట్నం తిప్పింది.

అప్పటి నుంచి పుంజు అంటే ఆమెకు భయం పట్టుకుంది. పుంజు చేసేదాని గురించి కాదు, పుంజుకు ఏమవుతుందోనని. నక్క వస్తుందని గంప మీద సన్నికల్లు పెట్టేది. పిల్లి గోడ మీద కనిపిస్తే పని విడిచి లేచేది. జొన్నలు నానబెట్టి ముందు దానికి వేసి, తర్వాత తమ పొయ్యి రాజేసేది. ఎండాకాలం వాడకట్టులో కోళ్లకు తెగులు వచ్చింది. ఏ ఇంట్లో చూసినా కోళ్లు మెడలు వంకరపోయి, తూలుతూ, సాయంత్రానికి పడిపోయేవి. ఈమె పెట్టలు మగ్గం గుంతలోనే ఒకదాని మీద ఒకటి చచ్చి పడి ఉండగా, ఆమె పుంజును తీసుకుపోయి భర్త పడుకున్న గదిలో మంచం కోడుకు కట్టేసింది. తలుపు వేసింది. ఆ గదిలోకి వేరే ఎవరినీ రానియ్యలేదు. కోడి మైల అంటిన కాళ్లతో రావద్దని ఆడబిడ్డను కూడా గుమ్మం దగ్గరే ఆపింది.

ఆ గదికున్న చిన్న కిటికీ అరుగు మీదికి ఉండేది. అందులోంచి కనిపించేది. మంచం మీద అతను, కింద పుంజు. దుప్పటి కింది నుంచి అతని చెయ్యి జారితే అది పొడిచేది. "నన్ను ఇంకా కొత్తోడనే అనుకుంటుంది సారు" అనేవాడు కిటికీలోంచి. మరొకనాడు, "దీని ఆయుష్షు నాది తింటుందో, నా ఆయుష్షు ఇది తింటుందో తెలుస్తలేదు" అన్నాడు. ఆమె ఆ మాట విని బయటికి పోయింది.

తెగులు పోయింది. వాడకట్టులో కోడికూత లేకుండా అయింది. మిగిలింది ఆ పుంజూ, ఎక్కడో గడ్డివాములో దాక్కుని బతికిన ఆమె కుంటి పెట్టా. తొలకరి పడిన వారానికి అతను పోయాడు.

మధ్యాహ్నం పూట పోయాడు. శవాన్ని వాకిట్లో పడుకోబెట్టడానికి పుంజును బయటికి తెచ్చి గంప కింద వేసి పైన సన్నికల్లు పెట్టారు. చీకట్లో కట్టేసిన ఇన్ని రోజుల తర్వాత దానికి వెలుతురు తగిలింది కాబోలు, ఆడవాళ్లు ఏడుస్తున్నంతసేపూ గంప కింద నుంచి కూస్తూనే ఉంది. అది కూసినప్పుడల్లా ఏడుపు ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలయ్యేది. ఆడబిడ్డ తమ్ముడి తల దగ్గర కూర్చుని, మరదలి వైపు చెయ్యి చాచి అన్నది.

"పుంజును కాపాడుకున్నవు. నా తమ్మున్ని కాపాడకపోతివి. తల్లి నోటికాడిది గుంజుకుంటివి, ఆమె ఊకుంటదా? పుంజు బదులు వాన్ని తీసుకపాయె."

ఎవరూ కాదనలేదు. ఈమె గంప వైపు ఒకసారి చూసింది. ఓర్సుకోవాలె అని కూడా అనలేదు.

కర్మలన్నీ అయ్యాక ఆడబిడ్డ మళ్లీ వచ్చింది. ఈసారి నోరు మెత్తబడి ఉంది. "గది ఇంట్ల ఉండుడు మంచిది గాదే. ఇచ్చెయ్యి" అన్నది. "ఇస్త వదినె. ఇయ్యనన్ననా?" అన్నది ఈమె. మంగళవారం నాడు పుంజుకు నీళ్లు పోసి, పసుపు రాసి, చంకన పెట్టుకుని బయలుదేరింది. వెనక ఆడబిడ్డ, మరో ఇద్దరు ఆడవాళ్లు. చంకలో అది ఎప్పటిలాగే బుద్ధిగా ఉంది. ఊరి బయట పోచమ్మ దాకా దాని మెడ కింద వేలితో నిమురుతూ పోయింది. ఈసారి దానితో ఏమీ మాట్లాడలేదు.

ఆ రోజు నేను కచేరీ నుంచి వచ్చేసరికి వాకిట్లో పొయ్యి మండుతున్నది. ఆమె ముందు కూర్చుని కట్టెలు ఎగదోస్తున్నది. పుంజు ముదిరిపోయింది గనుక మాంసం ఉడకడం లేదు. పొద్దున పొయ్యి మీద పెట్టిందట. నీళ్లు పోసింది, ఇగిరిపోయాయి, మళ్లీ పోసింది. ఆడబిడ్డ అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుంది. నేను కాళ్లు కడుక్కుంటుంటే ఇంటామె పొయ్యి వైపే చూస్తూ మాట్లాడింది.

"తల్లి తప్పేం లేదు సారు. గడప తొక్కిపియ్యమన్న, తొక్కిపిచ్చింది. బతికియ్యమని నేను అడగనే లేదు. నాకు యాదికే రాలే. వచ్చినోడు బతుకుతడనే అనుకున్న. తక్కువ అడిగిన."

కట్టె ఒకటి లోపలికి తోసింది.

"లేకుంటే వదినె అన్నదే నిజమో. ఆపినందుకే తీసుకపోయిందో. అడిగింది తక్కువనా, ఇచ్చింది ఆలస్యమా, రెండిట్ల ఏదైంది సారు? ఎవల్ని అడగాలె?"

ఊపిరితిత్తుల సంగతి చెప్పవచ్చు. అది ఆమెకు నాకంటే బాగా తెలుసు, రాత్రింబవళ్లు ఆ దగ్గు విన్న మనిషి. ఆమె అడుగుతున్నది దాని గురించి కాదు. ఆడబిడ్డ కూడా విన్నది. కొంతసేపటికి దిగి వచ్చి మరదలి పక్కన కూర్చుని, ఆమె చేతిలోంచి కట్టె తీసుకుని తను ఎగదోసింది.

మాంసం ఉడికిందనుకుని దించారు, ఉడకలేదు. ముందు ఆడబిడ్డకు వడ్డించింది. "తిను వదినె. నీ తమ్ముని పుంజే" అన్నది. ఎత్తిపొడుపుగా అనలేదు. మామూలుగా అన్నది. ఆడబిడ్డ ముక్క నోట్లో పెట్టుకుని నమలలేక, ఉమ్మలేక, కండ్ల నీళ్లు కారుస్తూ కూర్చుంది. నాకూ పెట్టింది. తనూ తిన్నది. మొక్కింది తినకుండా వదలకూడదని, ఎముకల దాకా ఓపికగా తిన్నది.

ఆ తర్వాత ఆమెలో ఏ మార్పూ లేదని వాడకట్టు అనుకున్నది. రాట్నం మామూలుగానే తిరిగేది. ఆడబిడ్డతో మాటలు కలిశాయి. నాకు తెలిసిన మార్పు ఒకటే. అంతకు ముందు వంట చేసేటప్పుడు, నీళ్లు తోడేటప్పుడు తనలో తను ఆ తల్లితో ఏదో గొణుక్కునేది, అది మానేసింది. అమ్మోరు ఊరేగింపు వచ్చిన రోజు అందరూ గడపల్లో నీళ్లు పోసి, చేతులు జోడించి, బిడ్డల కోసం, పంటల కోసం, ఎవరి కోరిక వాళ్లు చెప్పుకున్నారు. ఆమె కూడా నీళ్లు పోసింది. చేతులు జోడించింది. పక్కింటామె "మొక్కుకోవే" అంటే, "దండం పెట్టిన గదా" అని లోపలికి పోయింది.

మరుసటి ఏడు నాకు నిర్మలుకు బదిలీ అయింది. బస్సు వేళకు పెట్టె వాకిట్లో పెట్టి తాడు కడుతున్నాను. కుంటి పెట్ట పిల్లల్లో ఒకటి అప్పుడప్పుడే పుంజవుతున్నది. తండ్రి రంగే, నల్ల తోక ఇంకా పూర్తిగా రాలేదు. గొంతు సరిగా తెగని కూత ఒకటి కూసి, మెడ మీది ఈకలు లేపుకుని, చప్పుడు లేకుండా నా మీదికి వచ్చింది. కాలు వెనక్కి తీసుకుని, అలవాటు ప్రకారం గొడుగు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. అది గొడుగు చుట్టూ తిరిగి వచ్చి నా చెప్పును పొడిచింది.

ఆమె గుమ్మంలో నిలబడి చూస్తున్నది. చేతిలో కండె ఉంది. దిగి రాలేదు.

"దీన్ని ఎవరికి మొక్కావక్కా?" అని అడిగాను.

"ఎవ్వలికి మొక్కలే" అన్నది. "అది ఉత్త కోడే సారు. తన్నుండ్రి."